గడువున్న హక్కు

1957 నాటి భారత కాపీరైట్ చట్టంలో 16వ సెక్షన్ చాలా చిన్నది. ఈ చట్టమో, అప్పటికి అమలులో ఉన్న మరో చట్టమో ఇచ్చినంత మేరకే తప్ప ఏ రచన మీదా ఎవరికీ కాపీరైట్ గానీ, దాన్ని పోలిన మరో హక్కు గానీ ఉండదని అది చెబుతుంది. సెక్షన్ల వరుసలో సులువుగా కంటపడని ఈ నియమానికి మూలం పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటన్‌లో దాదాపు నలభై ఏళ్లపాటు నడిచిన వ్యాజ్యాలలో ఉంది. రాసినవాడికి తన రాత మీద ఉన్న హక్కు పొలం మీదా ఇంటి మీదా ఉండే హక్కులాగా తరతరాలకూ చెల్లేదా, లేక సమాజం ఒక ప్రయోజనాన్ని ఆశించి కొంతకాలానికి మాత్రమే కట్టబెట్టినదా అన్నదే ఆ వ్యాజ్యాలన్నింటి కేంద్ర ప్రశ్న. దీనికి శాసనకర్తలు ఇచ్చిన జవాబు అసంపూర్ణం. దాన్ని పూరించినవి న్యాయస్థానాలు. ఈనాడు కాపీరైట్ ఎంతకాలం ఉంటుంది, దేనికి వర్తిస్తుంది, ఎవరికి దక్కుతుంది, ఎక్కడ ఆగుతుంది అన్న నాలుగు విషయాల్లోనూ చట్టం వాడే మాటల్లో చాలావరకు ఏదో ఒక పుస్తకం మీద వచ్చిన ఏదో ఒక తగాదాలో న్యాయమూర్తులు వెదికి పట్టుకున్నవే.

కాపీరైట్ అన్న మాటలోని 'కాపీ'కి తొలి అర్థం నకలు కాదు. అచ్చు వేయడానికి ఆధారంగా ఉండే రాతప్రతిని లండన్ పుస్తక వర్తకులు ఆ పేరుతో పిలిచేవారు. 1557లో రాజశాసనం పొందిన స్టేషనర్స్ కంపెనీ, అంటే ముద్రాపకులు, బైండర్లు, పుస్తకాల అంగళ్లవారు కలిసి ఏర్పరచుకున్న వృత్తిసంఘం, తన దస్తరంలో ఒక సభ్యుడి పేర ఒక పుస్తకాన్ని నమోదు చేసుకుంటే మరో సభ్యుడు దాన్ని అచ్చు వేయకూడదు. ఈ కట్టుబాటులో రచయితకు చోటు లేదు. అతడు రాతప్రతిని ఒకసారి అమ్మి, ఆ సొమ్ముతో పక్కకు తప్పుకోవలసినవాడే. ఏవి అచ్చు కావచ్చు, ఏవి కాకూడదు అన్నదాన్ని అదుపులో ఉంచుకోవడం ప్రభుత్వానికి అవసరం కాబట్టి వర్తకుల గుత్తాధిపత్యమూ పాలకుల నిఘా ఒకదానికొకటి ఊతమిచ్చుకుంటూ సాగాయి. 1662 నాటి లైసెన్సింగ్ చట్టం 1695లో గడువు తీరిపోయి మళ్లీ పునరుద్ధరణకు నోచుకోకపోవడంతో ఆ ఊత విరిగింది. వర్తకులు పార్లమెంటు గుమ్మం తొక్కి, ఈసారి తమ పేరున కాక రచయితల పేరున రక్షణ కోరారు.

దాని ఫలితమే 1710 ఏప్రిల్ 10న అమలులోకి వచ్చిన ఆన్ రాణి కాలపు చట్టం. విద్యాభివృద్ధికి ప్రోత్సాహమే తన ఉద్దేశమని ఆ చట్టం తన శీర్షికలోనే చెప్పుకుంది. అప్పటికే అచ్చయి ఉన్న పుస్తకాలకు 21 ఏళ్లు, కొత్తగా వచ్చేవాటికి 14 ఏళ్లు, ఆ గడువు ముగిసే నాటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు హక్కు ఇచ్చింది. ప్రచురించిన పుస్తకం ప్రతులు తొమ్మిదింటిని గ్రంథాలయాలకు అప్పగించాలని షరతు పెట్టింది. హక్కును మొదటిసారిగా రచయితకు చెందినదిగా ఒక చట్టం గుర్తించడం దీని గొప్పతనం. అయితే ఈ చట్టం రాకముందే రచయితకు తన రచన మీద ఒక సహజమైన హక్కు ఉండేదా, ఉంటే ఈ గడువులు దాన్ని రద్దు చేశాయా, లేక దానికి తోడుగా కొన్ని జరిమానాలను మాత్రమే చేర్చాయా అన్నది పార్లమెంటు చెప్పలేదు. ఆ మౌనమే తర్వాతి అరవై ఏళ్ల చరిత్రను నడిపింది.

పాత పుస్తకాల గడువు 1731లో తీరింది. షేక్‌స్పియర్, మిల్టన్ వంటి వారి రచనల మీద లండన్ వర్తకులు వాటాలు వేసుకుని, వేలంలో కొని, అల్లుళ్లకూ కొడుకులకూ రాసిచ్చుకుంటూ వచ్చిన 'ఆస్తి' చట్టం దృష్టిలో గాలిలో కలిసిపోయింది. గడువు పెంచమని వారు కోరగా తెచ్చిన బిల్లులు నెగ్గలేదు. అప్పుడు వారు చట్టాన్ని వదిలి కామన్ లాను ఆశ్రయించారు. శాసనసభ చేసిన చట్టాలు కాక, ఆచారం నుంచీ న్యాయమూర్తుల పూర్వనిర్ణయాల నుంచీ పోగుపడుతూ వచ్చిన న్యాయానికి ఇంగ్లాండులో ఆ పేరు. ఒకడు తన శ్రమతో పండించిన పంట అతడిదైనట్టే తన బుద్ధితో పుట్టించిన రచనా అతడిదేననీ, ఆ హక్కుకు అంతం లేదనీ, దాన్ని కొన్నవాడికి కూడా అదే శాశ్వతత్వం సంక్రమిస్తుందనీ వారి వాదన. రచయిత పట్ల గౌరవంతో నిండిన వాదన ఇది. కానీ దాన్ని వినిపించిన వారిలో రచయితలు దాదాపు లేరన్న సంగతి ఈ చరిత్రను చదివేవారు మరవకూడదు.

పరీక్షకు నిలిచిన పుస్తకం జేమ్స్ థామ్సన్ కావ్యం 'ది సీజన్స్'. స్కాట్లాండులో పుట్టి లండన్ చేరిన ఈ కవి నాలుగు ఋతువులనూ 1726 నుంచి 1730 దాకా విడివిడి భాగాలుగా వెలువరించాడు. వాటి హక్కులు ఆండ్రూ మిల్లర్ అనే లండన్ ప్రచురణకర్త చేతికి వచ్చాయి. థామ్సన్ 1748లో మరణించాడు. చట్టం ఇచ్చిన రెండు 14 ఏళ్ల గడువులూ తీరిపోయాక, స్కాట్లాండు సరిహద్దున ఉన్న బెరిక్ పట్టణపు ముద్రాపకుడు రాబర్ట్ టేలర్ ఆ కావ్యాన్ని అచ్చు వేయగా మిల్లర్ కింగ్స్ బెంచ్ న్యాయస్థానంలో దావా వేశాడు. 1769 ఏప్రిల్ 20న వచ్చిన తీర్పులో ముగ్గురు న్యాయమూర్తులు మిల్లర్ పక్షాన, ఒక్కరు టేలర్ పక్షాన నిలిచారు. తన శ్రమ ఫలాన్ని రచయిత అనుభవించడమూ, తన పేరున ఏది ఎప్పుడు ఏ రూపంలో వెలువడాలో అతడే నిర్ణయించుకోవడమూ న్యాయమనీ, అది ప్రచురణతో నశించదనీ ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అన్నాడు. వకీలుగా ఉన్న రోజుల్లో ఆయన పుస్తక వర్తకుల తరఫున వాదించినవాడే.

భిన్నాభిప్రాయం చెప్పిన జస్టిస్ యేట్స్ వాదన ఈనాటికీ తాజాగా ఉంది. ఆస్తి అనిపించుకోవాలంటే దేన్నయినా స్వాధీనంలో ఉంచుకోగలగాలి, హద్దులు చూపగలగాలి. ఆలోచనను రాతప్రతిలో దాచినంత కాలం అది రచయిత చేతిలో ఉంటుంది గానీ, లోకానికి వెల్లడించిన మరుక్షణం చదివిన ప్రతివాడి బుద్ధిలోకీ చేరుతుంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు. రచయిత శ్రమకు ప్రతిఫలం దక్కవలసిందేనని యేట్స్ ఒప్పుకున్నాడు. అది ఎంతకాలం అన్నది పార్లమెంటు నిర్ణయించింది, అంతకు మించి ఇవ్వడం న్యాయమూర్తి పని కాదు అన్నదే ఆయన నిలబడిన చోటు. తీర్పు వెలువడే నాటికి మిల్లర్ కన్నుమూశాడు. అతడి ఆస్తిలో భాగంగా థామ్సన్ రచనల హక్కులను థామస్ బెకెట్ అనే వర్తకుడూ అతడి భాగస్వాములూ 505 పౌన్లకు కొన్నారు. గడువు ఎప్పుడో తీరిపోయిన ఒక కావ్యానికి ఇంత సొమ్ము పలికిందంటే మాన్స్‌ఫీల్డ్ తీర్పు ఇక తిరుగులేనిదని వ్యాపారం ఎంతగా నమ్మిందో తెలుస్తుంది.

ఆ నమ్మకాన్ని వమ్ము చేసినవాడు ఎడింబరో పుస్తక వర్తకుడు అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్. గడువు తీరిన పుస్తకాలను స్వయంగా అచ్చు వేయించి, లండన్‌లోనే అంగడి తెరిచి, అక్కడి మామూలు ధర కంటే నూటికి 30 నుంచి 50 వంతులు తక్కువకు అమ్ముతున్నానని ప్రకటించుకున్నాడు. లండన్ వర్తకులు అతణ్ణి దొంగ అన్నారు. అతడు తాను చట్టం ప్రకారమే నడుస్తున్నానన్నాడు. మొదట స్కాట్లాండులో, స్టాక్‌హౌస్ రాసిన బైబిలు చరిత్ర మీద హింటన్ అనే వర్తకుడు వేసిన దావాలో, అక్కడి ఉన్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ సెషన్ 1773లో ఒక్క న్యాయమూర్తి తప్ప మిగిలిన వారందరి ఏకాభిప్రాయంతో శాశ్వత హక్కును తోసిపుచ్చింది. డొనాల్డ్‌సన్ తరఫున నిలిచిన వకీళ్లలో రచయిత శామ్యూల్ జాన్సన్ జీవితచరిత్ర రాసి పేరుపొందబోయే జేమ్స్ బాస్వెల్ ఒకడు. ఒకే రాజు కింద, ఒకే చట్టం మీద, సరిహద్దుకు ఇవతల ఒక న్యాయం అవతల ఒక న్యాయం ఏర్పడ్డాయి. దీన్ని సరిచేయగలిగింది అప్పట్లో అంతిమ అప్పీళ్లు వినే పార్లమెంటు ఎగువసభ, అంటే ప్రభువుల సభ, ఒక్కటే.

'ది సీజన్స్'ను డొనాల్డ్‌సన్ అచ్చు వేయగా బెకెట్ లండన్‌లో అతడిపై ఇంజంక్షన్, అంటే ఆ పని ఇక చేయకూడదన్న నిషేధపు ఉత్తర్వు, తెచ్చుకున్నాడు. దానిపై అప్పీలు 1774 ఫిబ్రవరిలో ప్రభువుల సభ ముందుకు వచ్చింది. సభ ఇంగ్లాండు న్యాయమూర్తులను పిలిచి ప్రశ్నలు వేసింది: ప్రచురణకు ముందు రచయితకు కామన్ లాలో హక్కు ఉందా, ప్రచురించాక అది పోతుందా, పోకపోతే 1710 చట్టం దాన్ని తొలగించిందా? పదకొండు మంది అభిప్రాయాలు చెప్పారు. అనారోగ్యంతో ఉన్న బ్లాక్‌స్టన్ తన అభిప్రాయాన్ని మరొకరి ద్వారా పంపాడు. తన తీర్పే పరీక్షకు నిలిచినందున మాన్స్‌ఫీల్డ్ మౌనం వహించాడు. ప్రచురణకు ముందు హక్కు ఉందన్నవారు ఎక్కువమంది. చట్టం ఆ హక్కును తొలగించిందా అన్న కీలక ప్రశ్నపై తొలగించిందని ఆరుగురు, లేదని అయిదుగురు అన్నట్టు నమోదైంది. ఈ లెక్కలోనే పొరపాటు దొర్లి ఉండవచ్చునని తర్వాతి చరిత్రకారులు ఎత్తిచూపారు. అది ఎలా ఉన్నా, అంతిమ నిర్ణయం న్యాయమూర్తులది కాదు, సభది. మాజీ లార్డ్ ఛాన్సలర్ కామ్‌డెన్ ప్రభువు చేసిన ప్రసంగం సభను కదిలించింది. విద్య ఎవరో ఒకరి పెట్టెలో తాళం వేసి ఉంచదగినది కాదనీ, శాశ్వత హక్కును ఒప్పుకుంటే దేశపు సారస్వతమంతా కొద్దిమంది వర్తకుల చేతిలో చిక్కి, వారు అడిగిన ధరే ధర అవుతుందనీ ఆయన హెచ్చరించాడు. ఫిబ్రవరి 22న సభ ఇంజంక్షన్‌ను రద్దు చేసింది. ప్రచురితమైన పుస్తకం మీద చట్టం ఇచ్చిన గడువు దాటి ఏ హక్కూ లేదన్నది స్థిరపడింది.

వార్త ఎడింబరో చేరగానే అక్కడ సంబరాలు జరిగాయని నాటి పత్రికలు రాశాయి. లండన్ వర్తకులు మళ్లీ పార్లమెంటుకు పరుగెత్తినా ప్రభువుల సభ వారి బిల్లును సాగనివ్వలేదు. చవక ముద్రణల యుగం మొదలైంది. జాన్ బెల్ అనే ప్రచురణకర్త బ్రిటన్ కవుల రచనలను 109 చిన్న సంపుటాలుగా తేవడానికి పూనుకోగా, అతడికి పోటీగా లండన్ వర్తకులు తమ కవుల సంకలనానికి పీఠికలు రాయమని శామ్యూల్ జాన్సన్‌ను కోరారు. ఆయన కవుల జీవితాలు అలా పుట్టాయి. హక్కు ముగియడం వల్ల సాహిత్యం చచ్చిపోతుందన్న భయానికి వచ్చిన తొలి సమాధానం ఒక గొప్ప విమర్శగ్రంథం.

అట్లాంటిక్‌కు అవతల అమెరికా సుప్రీంకోర్టు 1834లో ఇదే దారి పట్టింది. వివాదం ఆ న్యాయస్థానపు తీర్పుల గురించే కావడం విశేషం. కోర్టు తీర్పులను సేకరించి ప్రచురించే పనిలో ఉన్న వీటన్, తన తర్వాత ఆ పదవికి వచ్చిన పీటర్స్ పాత సంపుటాలను కుదించి చవకగా ప్రచురించినందుకు దావా వేశాడు. ప్రచురితమైన రచన మీద కామన్ లా హక్కు లేదనీ, న్యాయమూర్తులు వెలువరించిన తీర్పుల మీద ఏ రిపోర్టరుకూ కాపీరైట్ ఉండదనీ కోర్టు చెప్పింది. ఈ రెండో మాట మళ్లీ మన దేశంలో, 173 ఏళ్ల తర్వాత, వినిపించబోతుంది.

భారతదేశంలోకి కాపీరైట్ 1847లో ఈస్టిండియా కంపెనీ పాలనలో చేసిన చట్టంతో వచ్చింది. తర్వాత బ్రిటన్ 1911 చట్టాన్ని కొద్ది మార్పులతో 1914లో ఇక్కడ అమలు చేశారు. ఆ మార్పుల్లో ఒకటి భారతీయ భాషలకు ముఖ్యమైనది: ఇక్కడ మొదట ప్రచురితమైన పుస్తకాన్ని అనువదించే హక్కు మూలరచయితకు పదేళ్లే ప్రత్యేకంగా ఉండేది. ఒక భాషలో వచ్చినది త్వరగా మరో భాషకు చేరాలన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. 1911 చట్టంలోని 31వ సెక్షనే 1957 చట్టంలో 16వ సెక్షన్ అయింది. డొనాల్డ్‌సన్ గెలుపు ఆ విధంగా మన చట్టపు పుస్తకంలో స్థిరపడింది. దాని ఫలితం తెలుగు పాఠకులకు ప్రతి పుస్తకాల కొట్టులోనూ కనబడుతుంది. గురజాడ అప్పారావు 1915లో మరణించాడు. మరణానంతరం 50 ఏళ్లన్న నాటి లెక్కన 1965 చివరితో ఆయన రచనల మీద హక్కు ముగిసింది కనుకనే 'కన్యాశుల్కం'ను ఎవరి అనుమతీ అడగకుండా ఏ ప్రచురణకర్త అయినా, బొమ్మలతోనో వ్యాఖ్యతోనో చవక ప్రతిగానో, అచ్చు వేయగలుగుతున్నాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కు 1991 చివరితో ముగియనుండగా గడువును 60 ఏళ్లకు పెంచారు. అందువల్ల 1983లో కన్నుమూసిన శ్రీశ్రీ రచనల మీద హక్కు 2043 చివరి దాకా నిలుస్తుంది. యేట్స్ అన్నట్టే, ఎంతకాలం అన్నది శాసనకర్తల నిర్ణయం. 10 ఏళ్లు పెంచడం విద్యకు మేలు చేసిందా అని అడిగే హక్కు మాత్రం పాఠకుడికి ఉంది.

గడువు తేలింది సరే, హక్కు దేనికి అన్న ప్రశ్న మిగిలింది. 1900లో ప్రభువుల సభ ముందుకు వచ్చిన వివాదంలో ఉపన్యాసాలు రోజ్‌బరీ ప్రభువువి, వాటిని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని ప్రచురించింది టైమ్స్ పత్రిక విలేకరులు, ఆ నివేదికల ఆధారంగా పుస్తకం వేసింది జాన్ లేన్. చెప్పింది ప్రభువైనా ఆ మాటలను పట్టుకుని, విరామచిహ్నాలు పెట్టి, చదవదగిన రూపంలోకి తెచ్చిన శ్రమ విలేకరులది కాబట్టి ఆ నివేదిక మీద హక్కు వారిదేనని సభ తేల్చింది. 1916లో లండన్ విశ్వవిద్యాలయపు గణితం ప్రశ్నపత్రాల మీద వచ్చిన తీర్పు ఈ ఆలోచనను సూత్రంగా మార్చింది: ఒక రచన 'మౌలికం' కావడమంటే అందులో కొత్త భావం ఉండడం కాదు, అది మరొకరి నుంచి ఎత్తుకున్నది కాకుండా రచయిత నుంచే పుట్టి ఉండడం. చెమటోడ్చినవాడికి హక్కు అన్న ఈ సిద్ధాంతం కష్టజీవి పట్ల న్యాయంగానే కనిపిస్తుంది. చిక్కల్లా శ్రమకు హద్దు లేకపోవడమే.

ఆ హద్దును వెదకడంలో భారతదేశం నుంచి వెళ్లిన ఒక దావాకు తన పాత్ర ఉంది. బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ విద్యార్థుల కోసం మాక్మిలన్ కంపెనీ, ప్లూటార్క్ రాసిన అలెగ్జాండర్ జీవితాన్ని 1579 నాటి నార్త్ ఇంగ్లిష్ అనువాదం నుంచి దాదాపు సగానికి కుదించి, అడుగున నోట్సు చేర్చి ప్రచురించింది. కూపర్ సంస్థ అటువంటి పుస్తకాన్నే తెచ్చింది. మన విద్యార్థులకు చిరపరిచితమైన 'గైడు'ల లోకం ఇది. 1923 డిసెంబరులో ప్రివీ కౌన్సిల్, అంటే వలస దేశాల అప్పీళ్లకు లండన్‌లో ఉన్న అంతిమ న్యాయపీఠం, ఒకే పుస్తకాన్ని నిలువునా రెండు చేసింది. ఎప్పుడో అందరి సొత్తయిన పాఠంలోంచి కొన్ని భాగాలు ఏరి, మధ్యలో అతుకు మాటలు చేర్చినంత మాత్రాన కొత్త రచన పుట్టదు కాబట్టి పైభాగానికి హక్కు లేదు. కింది నోట్సుకు మాత్రం చదువూ, నైపుణ్యమూ, వివేచనా అవసరమయ్యాయి కాబట్టి వాటికి ఉంది. పేజీ మధ్యలో గీసిన ఆ అడ్డగీతే చట్టం గీసిన గీత అయింది.

అమెరికా ఈ శ్రమ సిద్ధాంతంతో 1991లో తెగతెంపులు చేసుకుంది. కాన్సస్ రాష్ట్రంలోని ఒక చిన్న టెలిఫోన్ కంపెనీ ప్రచురించిన డైరెక్టరీ నుంచి ఫైస్ట్ సంస్థ చందాదారుల పేర్లూ నంబర్లూ తీసుకుంది. నకలు జరిగిందనడానికి రుజువు వెతకనవసరం లేకపోయింది: దొంగను పట్టుకోవడానికి మూల కంపెనీ నిజమైన పేర్ల మధ్య చేర్చిన కల్పిత చందాదారుల్లో నలుగురు ఫైస్ట్ పుస్తకంలోనూ యథాతథంగా ప్రత్యక్షమయ్యారు. అయినా సుప్రీంకోర్టు ఫైస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. వాస్తవాలు ఎవరూ సృష్టించినవి కావు. వాటిని అక్షరక్రమంలో పేర్చడంలో రవ్వంత సృజన కూడా లేదు. ఎంత శ్రమ పడినా సృజన లేని చోట కాపీరైట్ లేదు.

ఈ రెండు సిద్ధాంతాల మధ్య తన చోటు ఎక్కడో మన సుప్రీంకోర్టు 2007 డిసెంబరు 12న నిర్ణయించుకుంది. ఈస్టర్న్ బుక్ కంపెనీ తన 'సుప్రీంకోర్ట్ కేసెస్' నివేదికల్లోని తీర్పుల పాఠాన్ని ఇతరులు సీడీల్లోకి ఎక్కించారని దావా వేసింది. వీటన్ వివాదమే మళ్లీ మరో రూపంలో తలెత్తింది. తీర్పు ప్రజలది, దాని పాఠాన్ని ఎవరైనా ప్రచురించవచ్చు, అచ్చుతప్పులు దిద్దడం, ఉదాహరించిన కేసుల పేర్లు ఒకే తీరుకు తేవడం వంటి పనులు హక్కును పుట్టించవు. అయితే ముద్ద కట్టిన తీర్పును విషయం మారిన చోటల్లా విడగొట్టి పేరాలకు అంకెలు వేయడానికీ, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించారో, ఎవరితో విభేదించారో గుర్తించి సూచించడానికీ న్యాయజ్ఞానం కావాలి, ఎంపిక కావాలి. అందువల్ల ఆ మేరకు రక్షణ ఉంటుంది. కేవల శ్రమ చాలదు, మహాప్రతిభ అక్కరలేదు, కనీసపు సృజన ఉండాలి అన్న ఈ మధ్యేమార్గం కెనడా సుప్రీంకోర్టు 2004లో చూపిన దారిని అనుసరించినది. శ్రమకు పూర్తిగా విలువ లేదనకుండానే ప్రజల సొత్తును ప్రజలకు వదిలిపెట్టిన ఈ తీర్పు మాక్మిలన్ కేసులోని అడ్డగీతను మరింత సన్నగా, మరింత స్పష్టంగా గీసింది.

భావానికి హక్కు లేదు, ఆ భావాన్ని వ్యక్తం చేసిన తీరుకే హక్కు అన్న సూత్రాన్ని మన దేశంలో నిలబెట్టినది 1978 నాటి ఆర్.జి. ఆనంద్ కేసు. ఆయన 1953లో రాసిన 'హమ్ హిందుస్తానీ' నాటకంలో ఇరుగుపొరుగున ఉండే ఒక పంజాబీ కుటుంబానికీ ఒక మద్రాసీ కుటుంబానికీ మధ్య పిల్లల ప్రేమ చిచ్చు పెడుతుంది. ప్రాంతీయ దురభిమానం దాని విషయం. 1956లో విడుదలైన 'న్యూ ఢిల్లీ' సినిమాలోనూ అటువంటి కుటుంబాలే, అటువంటి ప్రేమే. దాని దర్శకుడికి తాను నాటకాన్ని వినిపించానని రచయిత చెప్పాడు. సుప్రీంకోర్టు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, ప్రాంతీయతత్వమన్న ఇతివృత్తం ఎవరి సొంతమూ కాదనీ, సినిమా వరకట్నం వంటి ఇతర విషయాలను కూడా చేర్చుకుని వేరే కథగా నడిచిందనీ, ఉల్లంఘన అనాలంటే రెండూ చూసిన సామాన్య ప్రేక్షకుడికి ఇది దానికి నకలు అన్న అభిప్రాయం నిస్సందేహంగా కలగాలనీ చెప్పి దావా కొట్టివేసింది. సినిమా కథలు కాపీ అంటూ తెలుగునాట తరచూ రేగే వివాదాలు కోర్టుకెక్కినప్పుడు వకీళ్లు మొదట తెరిచేది ఈ తీర్పునే. ఏకీభవిస్తూనే జస్టిస్ పాఠక్ విడిగా రాసిన మాటలను మాత్రం చాలామంది వదిలేస్తారు: అప్రధానమైన మార్పులు చేసి రచయిత సొత్తును సులువుగా కాజేయవచ్చునన్న అభిప్రాయం ప్రబలి ఉంటే, మరింత స్పష్టమైన కేసులో దాన్ని తొలగించవలసి రావచ్చునని ఆయన అన్నారు. ఓడిపోయిన ఒక నాటకకర్తకు దక్కిన ఆ గుర్తింపు అక్షరాలా విలువైనది.

హక్కు ఎవరిది అన్న ప్రశ్నలో న్యాయస్థానం చట్టాన్ని ఉన్నదున్నట్టు చదివి, దానిలోని అన్యాయాన్ని బయటపెట్టిన సందర్భమూ ఒకటి ఉంది. డబ్బు తీసుకుని సినిమాకు పాట రాసిన కవి, బాణీ కట్టిన సంగీతకర్త వేరే ఒప్పందమేదీ లేకపోతే ఆ సినిమాలోని పాట మీద హక్కును నిర్మాతకు కోల్పోతారని 1977 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పుకు తోడుగా జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన అనుబంధంలో గాయకుడికి చట్టంలో చోటే లేకపోవడాన్ని ఎత్తిచూపి పార్లమెంటు దృష్టి సారించాలని కోరారు. గాయకులకూ ఇతర ప్రదర్శకులకూ హక్కులు 1994 సవరణతో వచ్చాయి. పాటల రచయితలూ సంగీతకర్తలూ తమ రాయల్టీ వాటాను, అంటే పాట వాడుకున్న ప్రతిసారీ రావలసిన సొమ్ములో భాగాన్ని, నిర్మాతకు రాసివ్వడానికి వీల్లేదన్న సవరణ 2012లో గానీ రాలేదు. ఈ ముప్పై అయిదేళ్లలో తెలుగు సినిమాకు పాటలు రాసిన తరం ఒకటి వచ్చి వెళ్లిపోయింది. హక్కుదారుల పక్షాన గట్టిగా నిలిచిన తీర్పు కూడా ఒకటుంది: సింగపూర్ నుంచి కలకత్తా రేవు మీదుగా నేపాల్ వెళ్తున్న నకిలీ క్యాసెట్ల విషయంలో, సరుకు ఈ దేశపు అంగట్లోకి రాకుండా దాటిపోయినా అది 'దిగుమతి'యేనని 1984లో చెప్పినది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి.

హక్కు ఎక్కడ ఆగుతుందన్నది మిగిలింది. సదుద్దేశంతో, కొత్త శ్రమతో చేసిన సంక్షిప్తీకరణ దొంగతనం కాదని ఇంగ్లాండులో న్యాయమూర్తి హార్డ్‌విక్ ప్రభువు 1740లోనే అన్నాడు. అమెరికాలో 1841లో, జార్జ్ వాషింగ్టన్ లేఖలను 12 సంపుటాలుగా కూర్చిన గ్రంథం నుంచి 866 పేజీల జీవితచరిత్రలోకి 353 పేజీలు ఎత్తి రాసుకున్న వివాదంలో, జస్టిస్ స్టోరీ అది తప్పేనని తేలుస్తూ, ఏది న్యాయమైన వాడకమో చూడడానికి తీసుకున్న భాగపు స్వభావమూ పరిమాణమూ, దానివల్ల మూలగ్రంథపు అమ్మకానికి కలిగే నష్టమూ తూచాలన్నాడు. 1976 అమెరికా చట్టంలోని నాలుగు కొలతలకు అదే మూలం. మన చట్టం వేరే దారిలో వెళ్లి, ఏయే వాడకాలు ఉల్లంఘన కావో 52వ సెక్షన్‌లో ఒక్కొక్కటిగా పేర్కొంది. వాటిలో ఒకటి బోధన సందర్భంలో ఉపాధ్యాయుడో విద్యార్థో చేసుకునే నకలు.

ఆ మాటల అర్థం 2012లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఒక జెరాక్స్ కొట్టు దగ్గర పరీక్షకు వచ్చింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలోని రామేశ్వరి ఫోటోకాపీ సర్వీస్, అధ్యాపకులు సూచించిన పుస్తకాల నుంచి అధ్యాయాలు తీసి, కుట్టి, విద్యార్థులకు అమ్మేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల ముద్రణాసంస్థలతో పాటు టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కూడా దావా వేశాయి. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా ఆ దావాను కొట్టివేస్తూ, కాపీరైట్ దైవదత్తమూ సహజసిద్ధమూ అయిన హక్కు కాదనీ, సమాజపు జ్ఞానసంపద పెరగడానికి ఏర్పడినదనీ, సహజ హక్కు అన్న భావనను 16వ సెక్షన్ తొలగించిందనీ గుర్తుచేశారు. కామ్‌డెన్ ప్రభువు ప్రసంగం తర్వాత 242 ఏళ్లకు, అతడు ఎన్నడూ చూడని ఒక నగరంలో, ఆ వాదనే ఒక విద్యార్థి చేతిలోని కాగితాల కట్టకు రక్షణ అయింది. డిసెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం, బోధనకు అవసరమైనంత మేరకు నకలు చేసుకోవచ్చుననీ, దానికి పేజీల లెక్కతో పరిమితి లేదనీ సమర్థిస్తూ, ఆ పుస్తకాల భాగాలు నిజంగా పాఠ్యక్రమానికి అవసరమైనవేనా అన్న వాస్తవాన్ని మాత్రం విచారణకు తిప్పి పంపింది. ఆ విచారణ సాగలేదు; 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావాను ఉపసంహరించుకున్నారు.